మాగ్నమ్ రివాల్వర్‌కు మైల్డ్ టార్గెట్ రౌండ్లు: సగం పౌడర్ వేస్తే ఎందుకు కుదరదు

మీరు అడిగింది ఇదీ. ఆరంగుళాల బ్యారెల్ ఉన్న .357 మాగ్నమ్ రివాల్వర్ కొన్నారు. ఫ్యాక్టరీ మాగ్నమ్ రౌండ్లు (తూటాలు) కాలిస్తే చెయ్యి అదిరిపోతోంది. మీ ఆవిడ రెండు రౌండ్లు కాల్చి, ఇక నా వల్ల కాదని పక్కన పెట్టేశారు. రీలోడింగ్ (ఇంట్లోనే రౌండ్లు తయారుచేసుకోవడం) మానేస్తున్న స్నేహితుడొకరు తన ప్రెస్, డైలు (ఆ పనికి వాడే యంత్రం, దాని అచ్చులు), వాటితోపాటు సగం ఖాళీ అయిన హెచ్110 పౌడర్ డబ్బా ఇచ్చారు. మాన్యువల్‌లో ఉన్న కొలతలో సగం వేస్తే దెబ్బ కూడా సగమవుతుంది కదా అన్నది మీ సందేహం.

అవదు. దయచేసి ఆ పని చేయకండి. పౌడర్ తగ్గిస్తే రౌండ్ మైల్డ్ అయిపోదు. మైల్డ్ రౌండ్‌కు పౌడర్ రకం వేరు, బుల్లెట్ వేరు, తయారుచేసేటప్పుడు పడాల్సిన జాగ్రత్త కూడా వేరు. హెవీ రౌండ్ల ప్రమాదం ఎక్కువ కొలత వైపు ఉంటుందని అందరికీ తెలుసు. మైల్డ్ రౌండ్ల విషయంలో తక్కువ కొలత వైపు కూడా ప్రమాదం ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కింద రాసినదంతా దాని గురించే. పౌడర్ గ్రెయిన్ల (తూకపు కొలత) లెక్క మాత్రం ఇక్కడ రాయను. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే రివాల్వర్ పగిలిపోయే విషయమిది. ఆ అంకె పౌడర్ తయారీదారు ప్రచురించిన డేటా నుంచో, ఈ ఏడాది మాన్యువల్ నుంచో మీరే చూసుకోవాలి. నాలాంటివాడు రాసింది చూసి పౌడర్ పోయకూడదు.

ముందు చట్టం సంగతి. మీ ఇద్దరికీ గ్రీన్ కార్డు ఉందన్నారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కానీ ఇది చదివే మనవాళ్లలో చాలామంది హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 మీద ఉంటారు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ మందుగుండు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకూ, మరికొన్ని తరగతులవాళ్లకూ మినహాయింపు ఉంది. ఇందులో మనవాళ్ల దృష్టికి రాని మెలిక ఒకటుంది. ఆ చట్టంలో మందుగుండు అంటే తయారైన రౌండ్ ఒక్కటే కాదు. కేసు (బయటి గొట్టం), ప్రైమర్ (అడుగున నిప్పు రాజేసే బిళ్ల), బుల్లెట్ (ముందుండే గుండు), పౌడర్ ఏది విడిగా ఉన్నా అదే లెక్కలోకి వస్తుంది. కాబట్టి వీసా మీద ఉన్న రూమ్మేట్‌ను కూర్చోబెట్టుకుని సరదాగా ప్రైమర్లు పెట్టించకండి. మీ వాడకానికి మీరు తయారుచేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మితే మాత్రం తయారీ లైసెన్స్ కావాలి. ఇండియాలో సంగతి పూర్తిగా వేరు. అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడమే నేరం, సొంత రివాల్వర్‌కు లైసెన్స్ ఉన్నా సరే. ఈ సమాధానం అక్కడి వాళ్లకు చదువుకోవడానికే.

ఇక హెచ్110 దగ్గరికి వద్దాం. పౌడర్లన్నీ ఒకే వేగంతో కాలవు. హెచ్110 నెమ్మదిగా కాలే రకం. కేసు దాదాపు నిండేలా పోసి, బుల్లెట్‌ను గట్టిగా క్రింప్ చేసి (కేసు మూతిని దాని చుట్టూ బిగించి), మాగ్నమ్ ప్రైమర్‌తో పేలిస్తేనే అది సరిగ్గా అంటుకుంటుంది. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ మంట పెరుగుతుంది, ఒత్తిడి లేకపోతే మంటే నిలబడదు. చితుకులు అగ్గిపుల్లకే అంటుకుంటాయి, దుంగ అంటుకోవాలంటే పొయ్యి నిండా నిప్పుండాలి. హెచ్110 దుంగ జాతి. సగం కొలత వేస్తే ఒక రౌండ్ అరకొరగా పేలి, సగం కాలిన గింజలు బ్యారెల్ నిండా మిగులుతాయి. ఇంకో రౌండ్‌లో ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనకాలే మరో రౌండ్ కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఈ పౌడర్‌ను ప్రచురించిన కొలత నుంచి 3 శాతం మించి తగ్గించొద్దని హాడ్జ్‌డన్ కంపెనీయే చెబుతుంది. వించెస్టర్ 296 పేరుతో వచ్చేది కూడా ఇదే పౌడర్ కాబట్టి దానికీ ఇదే మాట వర్తిస్తుంది.

స్నేహితుడు ఇచ్చిన డబ్బా గురించి ఇంకో మాట. మూత తీసిన పౌడర్ డబ్బాను నేను ఎవరి దగ్గరా తీసుకోను, ఎంత దగ్గరివాళ్లైనా సరే. లేబుల్ మీద హెచ్110 అని ఉంటుంది. లోపల ఉన్నది అదేనని చెప్పగలిగింది ఆయనొక్కరే. ఎప్పుడో ఒక రాత్రి హాపర్ (పౌడర్ పోసే తొట్టి)లో మిగిలిన వేరే పౌడర్‌ను ఆయన పొరపాటున అందులోకి ఒంపేసి ఉండొచ్చు. చూసి గుర్తుపట్టడం కుదరదు. ప్రెస్, డైలు సంతోషంగా తీసుకోండి, పౌడర్ మాత్రం తిరిగి ఇచ్చేయండి.

అసలు మీకు కావలసింది ఎంత తక్కువో చూడండి. .357లో 158 గ్రెయిన్ల ఫ్యాక్టరీ మాగ్నమ్ బుల్లెట్ సెకనుకు సుమారు 1,235 అడుగుల వేగంతో వెళ్తుందని కేటలాగుల్లో ఉంటుంది. .38 స్పెషల్‌లో పాతకాలం నుంచి వస్తున్న 148 గ్రెయిన్ల వాడ్‌కటర్ టార్గెట్ రౌండ్ సెకనుకు 700 అడుగుల పైచిలుకు వేగంతోనే పోతుంది. లెక్క వేస్తే వెనక్కి వచ్చే ఊపు దాదాపు సగానికి పడిపోతుంది. ఊపు సగమైతే చేతికి తగిలే శక్తి నాలుగో వంతుకు దగ్గరగా వస్తుంది. ఆరంగుళాల బ్యారెల్, ఉక్కు ఫ్రేమ్ ఉన్న రివాల్వర్‌లో అది దాదాపు బొమ్మ తుపాకీ కాల్చినట్టే ఉంటుంది. కాగితం మీద చిల్లు పడటానికి ఇంతకంటే అక్కర్లేదు. వాడ్‌కటర్ ముందు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి పంచ్ మిషన్‌తో కొట్టినట్టు శుభ్రమైన గుండ్రటి చిల్లు పడుతుంది, స్కోరు చూసుకోవడం తేలిక. మనవాళ్లకు తెలిసిన ఉదాహరణ చెప్పాలంటే, జస్పాల్ రాణా 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచిన సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో షూటర్లు ఎక్కువగా వాడేది .32 వాడ్‌కటర్, ఇంకా మెత్తటి రౌండ్. గురికీ మాగ్నమ్‌కూ సంబంధం లేదు.

నెలకు ఒకటి రెండు పెట్టెలు కాల్చేవాళ్లైతే, నిజం చెప్పాలంటే, రీలోడింగ్ జోలికి వెళ్లకుండా .38 స్పెషల్ ఫ్యాక్టరీ టార్గెట్ రౌండ్లు కొనుక్కుంటే సరిపోతుంది. మీ .357 రివాల్వర్‌లో అవి నిక్షేపంగా పేలుతాయి. 1935లో స్మిత్ అండ్ వెస్సన్ .357 మాగ్నమ్ తెచ్చినప్పుడు .38 స్పెషల్ కేసునే తీసుకుని అంగుళంలో ఎనిమిదో వంతుకు కాస్త ఎక్కువగా పొడవు పెంచింది. అది కేవలం పౌడర్ కోసం చేసింది కాదు, మాగ్నమ్ రౌండ్ పాత .38 రివాల్వర్‌లో దూరకుండా చేసిన ఏర్పాటు. .38 కేసు 1.155 అంగుళాలు, .357 కేసు 1.290. గరిష్ఠ ఒత్తిడి .38 స్పెషల్‌కు చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, .357కు 35,000. అంటే పెద్ద గదిలో (సిలిండర్‌లో రౌండ్ కూర్చునే చోట) చిన్న రౌండ్ కాల్చొచ్చు, తిరగేసి కాదు.

ఇబ్బంది ఒకటే. పొట్టి .38 కేసులు వందల కొద్దీ కాలిస్తే, కేసు మూతి ఆగిన చోట సిలిండర్ గదిలో మసి, సీసం కలిసి గట్టి ఉంగరంలా పేరుకుంటాయి. ఆ తర్వాత పొడవాటి .357 రౌండ్ పెడితే చివర్లో బిగుసుకుంటుంది. బొటనవేలితో నొక్కి పెట్టేస్తాం కదా అనుకోకండి. ఆ ఉంగరం కేసు మూతిని బిగించి పట్టుకుంటే బుల్లెట్ సులువుగా వదలదు, ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి .38 కాల్చిన రోజే బ్రష్‌తో సిలిండర్ గదులు రుద్దేయండి.

అందుకే చాలామంది మైల్డ్ రౌండ్లను కూడా .357 కేసుల్లోనే చేస్తారు. ఏది మేలు అంటే నా లెక్క ఇది. ఇంట్లో ఎప్పటికీ హెవీ రౌండ్లు తయారుచేయను అనుకుంటే .357 కేసే వాడండి. ఉంగరం గొడవ ఉండదు, బుల్లెట్ సిలిండర్‌లో గొంతు (గది ముందు రంధ్రం) దాకా దూకాల్సిన దూరం తగ్గుతుంది. ఎప్పుడైనా హెవీ కూడా చేస్తాననిపిస్తే, మైల్డ్ రౌండ్లన్నీ .38 కేసుల్లోనే చేయండి. అప్పుడు పెట్టె కింద పడి రౌండ్లన్నీ కలిసిపోయినా చూడగానే ఏది ఏదో తెలుస్తుంది. ఒకే రకం కేసులో రెండు రకాల కొలతలు పెట్టుకుని, మార్కర్ గీతను నమ్ముకుని బతకడం నాకు నచ్చదు. ఇక .38 కేసులో మాగ్నమ్ కొలత మాత్రం ఎప్పుడూ వద్దు. మీ రివాల్వర్ తట్టుకుంటుంది సరే. పదేళ్ల తర్వాత ఆ పెట్టె ఎవరి చేతికి పోతుందో, ఎవరి తాతల నాటి .38లో దూరుతుందో మీకు తెలియదు.

ఒక మెలిక. .38 డేటాలో ఉన్న కొలతను ఉన్నదున్నట్టు .357 కేసులో వేస్తే, కేసులో ఖాళీ ఎక్కువ కాబట్టి ఒత్తిడి, వేగం రెండూ ఇంకా పడిపోతాయి. .38లోని అట్టడుగు కొలతను తెచ్చి .357లో పోస్తే బుల్లెట్ ఇరుక్కునే దిశగా మరో అడుగు వేసినట్టే. .357 కేసుకు సీసం బుల్లెట్‌తో, వేగంగా కాలే పౌడర్‌తో ప్రచురించిన టార్గెట్ లోడ్లు విడిగా ఉంటాయి. అవే చూడండి.

బుల్లెట్ ఎంపికలో రాజీ పడొద్దు: మైల్డ్ రౌండ్‌కు సీసం బుల్లెట్. రాగి జాకెట్ బుల్లెట్ వద్దే వద్దు. జాకెట్ గట్టిది, బ్యారెల్ గాడుల్లోంచి తోయడానికి ఎక్కువ బలం కావాలి. తక్కువ ఒత్తిడిలో అది బ్యారెల్ చివరిదాకా వెళ్లకుండా ఆగిపోవచ్చు. సీసం మెత్తన, జారుడు గుణం ఉంది, తక్కువ ఒత్తిడిలోనూ బయటికి వచ్చేస్తుంది. సన్నటి రాగి పూత వేసిన ప్లేటెడ్ బుల్లెట్లు మధ్య రకం. వాటికి తయారీదారు చెప్పిన డేటానే వాడాలి, అది సాధారణంగా సీసం బుల్లెట్ డేటాకు దగ్గరగా ఉంటుంది. ఈ మధ్య రంగురంగుల పాలిమర్ పూతతో వస్తున్న సీసం బుల్లెట్లు నాకు బాగా నచ్చాయి. పొగ తక్కువ, చేతికి సీసం అంటడం తక్కువ, బ్యారెల్‌లో సీసం పట్టడం కూడా తక్కువ.

మొదటి పెట్టెకు 158 గ్రెయిన్ల సెమీ వాడ్‌కటర్ (ముందుకు సన్నబడి, కొస చదునుగా ఉండే బుల్లెట్) తీసుకోండి. పూర్తి వాడ్‌కటర్ కాగితానికి గొప్పదే కానీ, దాన్ని దాదాపు కేసు మూతి దాకా లోపలికి దించుతారు. లోపల ఖాళీ తగ్గుతుంది కాబట్టి అదే కొలత పౌడర్‌కు ఒత్తిడి పెరుగుతుంది. 158 సెమీ వాడ్‌కటర్ డేటా చూసి 148 వాడ్‌కటర్‌కు పోయడం కుదరదు, బరువు తక్కువే కదా అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. అడుగు బోలుగా ఉండే రకం ఇంకా సున్నితం. దాన్ని వేగంగా తోలితే వెనక పల్చటి అంచు తెగిపోయి, ఆ ముక్క బ్యారెల్‌లోనే ఉండిపోవచ్చు. సెమీ వాడ్‌కటర్‌తో చేయి తిరిగాక అటు వెళ్లండి.

బుల్లెట్ వ్యాసం కూడా చూసుకోవాలి. జాకెట్ బుల్లెట్ .357 అంగుళాలైతే సీసంది మామూలుగా .358. మీ సిలిండర్ గదుల ముందు రంధ్రాలు దానికంటే బిగువుగా ఉంటే, బుల్లెట్ అక్కడే సన్నబడి బ్యారెల్‌లోకి వదులుగా వెళ్తుంది. పక్కల నుంచి వేడి గ్యాస్ దూరి సీసాన్ని కరిగించి బ్యారెల్ మొదట్లో పట్టిస్తుంది. సీసం పట్టిందంటే చాలామంది వేగం ఎక్కువైందనో, సీసం మెత్తనైందనో అనుకుంటారు. మైల్డ్ రౌండ్లలో చాలాసార్లు కారణం కొలత కుదరకపోవడమే. కాల్చని బుల్లెట్ ఒకటి తీసుకుని, ఖాళీ సిలిండర్‌ను రివాల్వర్ నుంచి బయటికి తెరిచి, ముందు వైపు నుంచి ఒక్కో రంధ్రంలో వేలితో నెట్టి చూడండి. కొంచెం ఒత్తితే దూరాలి. దానంతట అది జారి పడిపోయినా, అసలు దూరకపోయినా సైజు మార్చాలి.

పౌడర్ విషయానికొస్తే మీకు వేగంగా కాలే రకం కావాలి. ఇందులో పాతకాపు బుల్స్‌ఐ, 19వ శతాబ్దం చివరి నుంచి ఉంది. హెచ్‌పీ-38, వించెస్టర్ 231 రెండు పేర్లున్నా పౌడర్ ఒకటే. మెజర్ (పౌడర్ కొలిచే సాధనం)లో నీళ్లలా జారుతుంది, కొలత ప్రతిసారీ ఒకేలా పడుతుంది, అందుకే కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. టైట్‌గ్రూప్ పొదుపు, కానీ చాలా తక్కువ పరిమాణం పడుతుంది కాబట్టి కేసులో చూస్తే అడుగున ఉందో లేదో అన్నట్టుంటుంది. యునీక్ పెద్ద పలుకుల పౌడర్, తక్కువ ఒత్తిడిలో మసి వదులుతుంది, మెజర్‌లో మొరాయిస్తుంది. ట్రెయిల్ బాస్ అని గారెల్లా మధ్యలో చిల్లున్న పలుకుల పౌడర్ ఒకటి ఇలాంటి రౌండ్ల కోసమే వచ్చింది, కొంచెం బరువుకే కేసు నిండిపోయేది. కొన్నేళ్లుగా షాపుల్లో దొరకడం గగనమైపోయింది. దొరికితే అదృష్టం, దాని కోసం ఆగకండి. ప్రైమర్ మామూలు స్మాల్ పిస్టల్ చాలు. ఈ పౌడర్లకు మాగ్నమ్ ప్రైమర్ అవసరం లేదు.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, డబుల్ ఛార్జ్, అంటే ఒకే కేసులో పౌడర్ రెండుసార్లు పడటం. హెచ్110లో రెండుసార్లు పోస్తే పౌడర్ కేసులోంచి పొంగి బల్ల మీద పడుతుంది, మీకు తెలిసిపోతుంది. బుల్స్‌ఐ లాంటివి .357 కేసు అడుగున పల్చగా పరుచుకుంటాయి. రెండుసార్లు పోసినా పైకి రావు, మూడోసారి పోసినా కేసు పట్టేస్తుంది. బుల్లెట్ పెట్టేశాక బయటి నుంచి ఏ తేడా కనబడదు. తూకం వేసి కూడా నమ్మకంగా పట్టుకోలేం, ఎందుకంటే రకరకాల కేసుల, సీసం బుల్లెట్ల బరువుల్లో తేడాయే ఆ చిన్న కొలత తేడాను మింగేస్తుంది. తక్కువ పౌడర్ వేస్తే అది దానంతట అదే విపరీతంగా పేలి రివాల్వర్లు బద్దలవుతాయని పాతకాలం వాళ్లు ఒక వాదన చెబుతుంటారు. బద్దలైన టార్గెట్ రివాల్వర్లకు నేను మొదట అనుమానించేది ఆ వింతను కాదు, డబుల్ ఛార్జ్‌నే.

అందుకే మొదటి ఏడాది సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒక్క పనే చేసే) ప్రెస్ మీదే చేయండి. హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక రౌండ్ పడే ప్రోగ్రెసివ్ మెషీన్ల వీడియోలు చూసి నోరూరించుకోకండి. యాభై రంధ్రాల లోడింగ్ బ్లాక్ రెండు కొనండి. ప్రైమర్ పెట్టిన ఖాళీ కేసులన్నీ ఎడమ బ్లాక్‌లో తలకిందులుగా ఉంటాయి. ఒక్కో కేసు తీసి, మెజర్ కింద పెట్టి, పౌడర్ పడ్డాక కుడి బ్లాక్‌లో నిలబెట్టండి. తలకిందులుగా ఉన్నది ఖాళీ, నిలబడి ఉన్నది నిండినది. మధ్యలో ఫోన్ మోగి లేచారంటే, తిరిగొచ్చాక చేతిలో ఉన్న కేసును ఒంపేసి మళ్లీ మొదలెట్టండి. యాభై అయ్యాక, బుల్లెట్ ఒక్కటి కూడా పెట్టకముందు, టార్చి పట్టుకుని పైనుంచి ఒక్కో వరుసా చూడండి. అన్నిటిలో పౌడర్ మట్టం ఒకేలా కనబడాలి. ఒకదాంట్లో మట్టం ఎక్కువో తక్కువో అనిపించినా, అసలు లేకపోయినా, దాన్ని తూకం వేయండి. ఈ పనికి రెండు నిమిషాలు కూడా పట్టదు, ప్రతి బ్లాక్‌కూ చేయాల్సిందే.

బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బాయే ఉండాలి. పని అయ్యాక హాపర్‌లో మిగిలింది అదే డబ్బాలోకి ఒంపేయండి. బుల్స్‌ఐ లాంటి నైట్రోగ్లిజరిన్ ఉన్న పౌడర్లను రోజుల తరబడి వదిలేస్తే ప్లాస్టిక్ హాపర్ గోడలు మొద్దుబారి మసకబారిపోతాయి. అసలు భయం అది కాదు, వారం తర్వాత హాపర్‌లో ఉన్నదేంటో గుర్తులేకపోవడం. డిజిటల్ తక్కెడ వాడితే ఏసీ గాలి తగలని చోట పెట్టండి, మొదలెట్టే ముందు బాటుతో సరిచూడండి. పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ 65 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది, అందులో పదో వంతు దాకా మనం పట్టించుకోవాలి. వంటింటి తక్కెడ ఈ పనికి రాదు.

డైల గురించి ఎక్కువ చెప్పను, వాటితో వచ్చే కాగితంలో అంతా ఉంటుంది. కార్బైడ్ సైజింగ్ డై (కాలిన కేసును మళ్లీ సరైన కొలతకు నొక్కేది) అయితే కేసుకు నూనె రాయక్కర్లేదు. రెండో డైలో కేసు మూతిని బుల్లెట్ అడుగు అంచు ఆనేంత మాత్రమే విప్పాలి. తక్కువ విప్పితే మూతి అంచు బుల్లెట్ పక్క నుంచి సీసం పొర గీకుతుంది, కేసు మెడ దగ్గర వెండి తీగలాంటి చుట్ట కనిపిస్తే అదే. ఎక్కువ విప్పితే నాలుగైదు వాడకాలకే మూతి చీలుతుంది. క్రింప్ తేలికగా చాలు, హెవీ రౌండ్లలో అయితే తన్నుకు బుల్లెట్ ముందుకు జరిగి సిలిండర్ తిరగకుండా ఆపుతుందన్న భయం ఉంటుంది, ఇక్కడ అంత తన్ను ఉండదు. అలాగని క్రింప్ మొత్తానికి మానేయకండి. ప్రైమర్ కేసు అడుగుతో సమంగా గానీ కాస్త లోపలికి గానీ ఉండాలి, వేలితో తడిమితే తెలుస్తుంది. పైకి పొడుచుకుని ఉంటే సిలిండర్ తిరిగేటప్పుడు రాసుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలకపోవచ్చు కూడా.

రేంజికి వెళ్లేటప్పుడు వీలైతే క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) తీసుకెళ్లండి. మొదటి ఐదు రౌండ్లు కాల్చే ముందు ప్రతిసారీ రివాల్వర్ మూతిని నేల వైపు దించి, మెల్లగా పైకెత్తి కాల్చండి. తర్వాతి ఐదు రౌండ్లకు మూతిని పైకెత్తి, మెల్లగా దించి కాల్చండి. రెండుసార్లూ మూతి షూటింగ్ వైపే, రేంజి నియమాల లోపలే ఉండాలి. మొదటిసారి పౌడర్ బుల్లెట్ వైపుకు జారి ఉంటుంది, రెండోసారి ప్రైమర్ వైపుకు. ఆ పెద్ద కేసులో కొంచెం పౌడర్ ఎటు పడుకుందన్నదాన్ని బట్టి వేగం మారుతుంది. పౌడర్ ముందుకు జారినప్పుడు అంకెలు తక్కువగా వస్తాయి. తేడా కొద్దిగా ఉంటే ఫరవాలేదు. బాగా ఎక్కువగా ఉండి, ముందుకు జారిన రౌండ్లలో ఒకటి మరీ నీరసంగా వచ్చిందంటే మీరు ఆ కేసుకు మరీ తక్కువ కొలతలో ఉన్నారని అర్థం. ప్రచురించిన హద్దుల లోపల కొంచెం పైకి రండి, లేదా పౌడర్ మార్చండి. కాలిన కేసుల బయటి వైపు మసి పట్టి ఉండటం కూడా ఒత్తిడి తక్కువగా ఉందనే సూచన. కేసు ఉబ్బి గోడకు అతుక్కునేంత ఒత్తిడి రాక, గ్యాస్ వెనక్కి వచ్చిందన్నమాట. కాస్త మసి అయితే మైల్డ్ రౌండ్లకు మామూలే.

మీరూ మీ ఆవిడా ఇద్దరూ ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది. "ఠాప్" అనాల్సిన చోట "టుప్" అని చిన్న చప్పుడొచ్చి, చేతికి ఏమీ తగలకపోతే, అక్కడితో ఆగిపోవాలి. మైల్డ్ రౌండ్లకు అలవాటు పడ్డ చేతికి ఆ తేడా చాలా తక్కువగా అనిపిస్తుంది, అదే ఇబ్బంది. మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి, సిలిండర్ తెరిచి అన్ని రౌండ్లూ తీసేయండి. తర్వాత బ్యారెల్‌లో సన్నటి కడ్డీ దూర్చి చూడండి. ఎదురుగా మూతిలోకి కన్ను పెట్టి చూడొద్దు. బుల్లెట్ సగం సిలిండర్‌లో, సగం బ్యారెల్‌లో ఆగితే సిలిండర్ తెరుచుకోదు, అది బలవంతం చేసే పని కాదు, రేంజి ఆఫీసర్‌ను పిలవండి. డబుల్ యాక్షన్‌లో (హ్యామర్ వెనక్కి లాగకుండా ట్రిగ్గర్ ఒక్కటే నొక్కుతూ) గబగబా కాల్చే అలవాటు ఇంటి రౌండ్లతో వద్దనేది అందుకే. కొత్త బ్యాచ్‌లో మొదటి పెట్టెనైనా ఒక్కోటి కాల్చి, కాగితం మీద చిల్లు పడిందో లేదో చూశాకే తర్వాతది కాల్చండి.

సీసం విషయంలో పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. బుల్లెట్ కంటే ప్రమాదం వాడిన ప్రైమర్ల మసిలో ఉంటుంది, అందులో సీసం సన్నటి ధూళిగా ఉంటుంది. కేసులు శుభ్రం చేసే టంబ్లర్‌ను ఇంట్లో, ముఖ్యంగా వంటింటి పక్క గదిలో పెట్టొద్దు, మూత తీసినప్పుడు లేచే దుమ్మంతా అదే. గ్యారేజీలో పెట్టండి, లేదా నీళ్లతో కడిగే రకం వాడండి. పని మధ్యలో తినడం, కాఫీ తాగడం వద్దు. చేతులు ముందు చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కోవాలి. రీలోడింగ్ బల్ల దగ్గర వేసుకున్న చొక్కాతో పాపను ఎత్తుకోకండి. ఇల్లు అద్దెదైతే పౌడర్ గురించి అగ్రిమెంట్‌లో ఏముందో చూసుకోండి. అమెరికాలో చాలాచోట్ల అనుసరించే ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో స్మోక్‌లెస్ పౌడర్ 20 పౌండ్ల దాకా అసలు డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు, ప్రైమర్లు 10,000 దాకా. మీకు ఒక పౌండు చాలాకాలం వస్తుంది కాబట్టి అంత అవసరమే పడదు. పాత మయొనీస్ సీసాల్లో పౌడర్ పోసి పెట్టడం లాంటివి మాత్రం వద్దు.

రివాల్వర్‌ను ఇంటి రక్షణకు కూడా ఉంచుకుంటాను అని చివర్లో రాశారు. అలాగైతే మైల్డ్ రౌండ్లతోనే సాధన చేసి, లోపల మాగ్నమ్ నింపి పెట్టుకోకండి. 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని న్యూహాల్‌లో నలుగురు హైవే పెట్రోల్ అధికారులు కాల్పుల్లో చనిపోయాక అక్కడి శిక్షణ మీద పెద్ద చర్చ జరిగింది. అందులో తేలిన లోపాల్లో ఒకటి, సాధన .38తో, విధుల్లో కొందరి చేతిలో .357 ఉండటం. రక్షణకు ఫ్యాక్టరీ .38 రౌండ్లే నింపుకుని, వాటితో కూడా అప్పుడప్పుడు కాల్చుకుంటే మీ ఇద్దరికీ సరిపోతుంది. ఇంట్లో తయారుచేసినవి రక్షణకు వాడొద్దని నా సలహా.

ఇంకోటి, ఇది ప్రతి శీతాకాలం చెప్పాల్సి వస్తోంది. రేంజికి తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగు మడతలో ఒక్క రౌండ్ మిగిలిపోయినా, శంషాబాద్‌లో స్కానర్ పట్టుకుంటే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్టు పట్టుకుని కోర్టు చుట్టూ తిరగడం. తెలియక ఉండిపోయిందని చెప్పుకుని బయటపడ్డవాళ్లు ఉన్నారు, కానీ ఆ సెలవులు పోయినట్టే. పౌడర్, ప్రైమర్లు విమానంలో చెక్-ఇన్ సామానులో కూడా నిషేధమే.

మీరిప్పుడు కొనాల్సింది మొదట ఒక కొత్త మాన్యువల్, తర్వాత మూత తీయని ఒక పౌండు హెచ్‌పీ-38, మామూలు స్మాల్ పిస్టల్ ప్రైమర్లు, .358 సైజు 158 గ్రెయిన్ల పాలిమర్ పూత వేసిన సెమీ వాడ్‌కటర్లు, కళ్లకు రక్షణ అద్దాలు. ఇంట్లో ఏ కేసులున్నాయో, సిలిండర్ రంధ్రాల్లో బుల్లెట్ ఎలా కూర్చుందో, మాన్యువల్‌లో మీరు ఎంచుకున్న కొలత ఎంతో రాయండి. బుల్లెట్ ఒక్కటి కూడా పెట్టకముందే రాస్తే చూసి చెబుతాను.